చినుకు అనే పాఠకురాలు

పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరువులో నాలుగే వాక్యాలున్నాయి. సభ్యులు తగ్గిపోతున్నారు. ప్రతి లైబ్రరీ ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరవాలి. పుస్తకాల సైట్లలో, పాఠకుల గ్రూపుల్లో కనబడాలి. మూడు నెలల్లో ఎంతమంది చేరారో రాసి పంపాలి. పెద్ద లైబ్రేరియన్ ఆ కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చి, ఉన్న ముగ్గురు సిబ్బందినీ ఎగాదిగా చూశాడు. ఒకాయన బైండింగు గదిలో మోచేతుల దాకా జిగురుతో ఉన్నాడు. ఇంకొకావిడ వచ్చే ఏడు రిటైరవుతుంది, ఫోను ఎత్తడానికే మనవరాలిని పిలుస్తుంది. మిగిలింది కౌంటరు దగ్గర కూర్చునే మనిషి. శిక్షణకి ఆమె పేరు రాసేసి, ఆ తర్వాతే ఆమెకి చెప్పాడు.

ఆమెకి నలభై ఆరేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే కౌంటరు, అదే కుర్చీ. ఏ పుస్తకం ఏ అలమరలో ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. లోపల ఏముందని మాత్రం ఎవరూ అడగకూడదు. అడిగితే వెనక అంటించిన గడువు చీటీ తిప్పి, దాని మీద ఎన్ని తేదీ ముద్రలున్నాయో చూసి, "బాగా పోతుందండీ" అనేది. ముద్రలు లేకపోతే, "ఇది కదలదండీ" అనేది. ఇంతవరకూ ఆ సమాధానానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంట్లో ఆమె పెద్దకోడలు. భర్త సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాడు. మరిది వీధి చివర షెడ్డులో మోటార్లు బాగుచేస్తాడు. మోటారు తిరుగుతుంటే చెవి దగ్గర పెట్టి, లోపల ఏది అరిగిందో విప్పకుండానే చెబుతాడని పేరు. ఆరేళ్ళ కిందట అతనికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. ముప్పై దాటిన, మాట తక్కువ మనిషి. వీళ్ళందరి మీదా అత్తగారు. వంటగది ఒకటే, పొయ్యి ఒకటే. చిన్నకోడలికి పుస్తకాల పిచ్చి. వారానికి నాలుగు పుస్తకాలు పెద్దకోడలే లైబ్రరీ నుంచి సంచిలో వేసుకొచ్చి ఇచ్చేది, చదివినవి తీసుకెళ్ళేది. అందులో ఆమెకి కాస్త గొప్ప కూడా ఉంది. పుస్తకాల్లో పనిచేసే మనిషని వీధిలో నలుగురూ అంటారు మరి.

శిక్షణ మూడు రోజులు. మొదటి రోజు బెరుగ్గా కూర్చుంది. రెండో రోజు ఫోను కెమెరాని పుస్తకం వెనక గీతల మీద పెట్టగానే అట్ట బొమ్మ, పేజీలు, అచ్చయిన ఏడాది అన్నీ వచ్చి తెర మీద పడ్డాయి. అంతే, ఆమెకి సరదా పుట్టింది. మూడో రోజు పాఠకుల సైటు చూపించారు. అందులో ఎవరి అలమర వాళ్ళది. చదివిన పుస్తకాలు అందులో పేర్చుకోవచ్చు, నచ్చినదాన్నిబట్టి ఐదు దాకా చుక్కలు ఇవ్వచ్చు, అభిప్రాయం రాయచ్చు, ఒకరి రాతలు ఒకరు చూడచ్చు, ఎవరికీ కనబడకుండా ఉత్తరాలు రాసుకోవచ్చు. ఊరి పేరు కొడితే ఆ చుట్టుపక్కల పాఠకులు ఎవరెవరున్నారో కూడా చూపిస్తుంది. అలాంటివాళ్ళని వెతికి లైబ్రరీ పేజీకి పిలవమని పాఠం చెప్పినామె చెప్పింది.

ఆమె పట్టుదల మనిషి. వారంలో నాలుగు వందల పుస్తకాలు ఎక్కించింది. రెండో వారం మధ్యాహ్నం, హాల్లో ఇద్దరు ముసలివాళ్ళు పేపరు మీద కునుకుతున్న వేళ, ఊరి పేరు కొట్టి చూసింది. తొమ్మిదిమంది కనబడ్డారు. ఎనిమిదిమంది అలమరల్లో పదేసి పుస్తకాలు కూడా లేవు. తొమ్మిదో పేరు 'మూలగది'. ముఖం లేదు, సగం తెరిచిన తలుపు బొమ్మ ఉంది. ఆ ఖాతాలో రాసేవి చదవడానికి పదకొండు వందలమంది చేరి ఉన్నారు.

ఈ ఊళ్ళో ఇంతమందిని కూడగట్టిన పాఠకులెవరా అని సంబరపడి, ఆమె జాబితా తెరిచింది. చివరి ఐదు పుస్తకాలు చూడగానే వేళ్ళు ఆగిపోయాయి. ఆ ఐదింటికీ తానే ముద్ర వేసింది. అదే వరసలో వేసింది. మధ్యలో ఉన్నది ఓడలు కట్టేవాళ్ళ గురించిన లావుపాటి పుస్తకం. దాన్ని పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. మొన్న దుమ్ము దులిపి తానే ఇంటికి మోసుకెళ్ళింది. దాని మీద అభిప్రాయం ఇంకా రాయలేదు గానీ ఫొటో ఉంది. వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి తీశారు. పక్కనే మూత సొట్ట పడిన టిఫిను డబ్బా. ఆ డబ్బా ఇప్పుడు కౌంటరు కింద, ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.

తోడికోడలే ఈ మూలగది అని తెలిసి మొదట సంతోషమే వేసింది. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల ఇంత రాస్తుందా అనుకుంది. ఆ సంతోషం ఒక పేజీ దాటలేదు.

ఉత్తరాల కథ ఏదో చదివి చిన్నకోడలు ఇలా రాసింది: "ఇందులో పోస్టుమాస్టరుకి జన్మలో ఒక్క ఉత్తరం రాదు. మా ఇంట్లోనూ అలాంటి ఒకావిడ ఉన్నారు. రోజుకి రెండొందల పుస్తకాలు చేతులు మారుస్తారు, ఒక్కటీ తెరవరు. ఈ పుస్తకం ఎలా ఉంటుందక్కా అంటే వెనక చీటీ చూసి, బాగా పోతుంది అంటారు. నేను కావాలనే ప్రతిసారీ అడుగుతాను." కింద మూడువందలమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరో ఆమెకి 'బాగాపోతుందక్క' అని పేరు పెట్టారు. ఇంకా చెప్పండి, బాగాపోతుందక్క ఈ వారం ఏమన్నారు అని అడుగుతూ పోయారు. చిన్నకోడలు చెబుతూ పోయింది.

అరవై రెండు అభిప్రాయాల్లో పద్దెనిమిదింటిలో ఆమె ఉంది. ఆమె నడక ఉంది. చుట్టాలొస్తే ముందుగదిలో నాలుగు పుస్తకాలు తెచ్చి పెట్టడం ఉంది. ఒక పెళ్ళి కథ మీద రాసినదాంట్లో ఇలా ఉంది: "బాగాపోతుందక్క వాళ్ళాయన సాయంత్రం ఇంటికొచ్చి మూడు మాటలంటారు. మంచినీళ్ళు, అన్నం, లైటు. ఆదివారం నాలుగోది కూడా ఉంటుంది, పేపరు. కానీ అక్క పక్కింట్లో మా ఆయన ఇలా అన్నారు, అలా నవ్వించారు అని గంటసేపు చెబుతారు. అవన్నీ అక్క కల్పించినవే. పుస్తకం తెరవని మనిషి ఇంత చక్కగా కథలల్లడం నాకెప్పుడూ ఆశ్చర్యమే."

దాని కింద నవ్వు బొమ్మలు తక్కువ. 'పాపం' అని రాసినవాళ్ళు ఎక్కువ.

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. ఎవరూ చూడలేదనుకున్న పుండు అది. పంతొమ్మిదేళ్ళు భర్త నోటి నుంచి రాని మాటలు తానే పుట్టించుకుని బతికింది. నవ్వినవాళ్ళని తిట్టుకుని ఊరుకునేదేమో, ఆ పాపం అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. ఆరోజు కౌంటరు దగ్గరికొచ్చిన ముగ్గురికి తప్పు తేదీ ముద్రలు వేసింది. మూడు మధ్యాహ్నాలు కూర్చుని అరవై రెండూ చదివింది. బడి మానేశాక ఆమె ఆసాంతం చదివిన మొదటి రాత అదే.

ఇంట్లో ఏమీ అనలేదు. శనివారం యథాప్రకారం నాలుగు పుస్తకాలు తెచ్చి చాప మీద పెట్టింది. చిన్నకోడలు పైదాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, అమాయకంగా అడిగింది.

"ఇదెలా ఉంటుందక్కా?"

ఆమె తోడికోడలి పెదవి చివర చూసింది. అక్కడ సన్నగా ఒక వణుకుంది, నవ్వు ఆపుకునే వణుకు. ఆరేళ్ళలో ఎన్నడూ గమనించలేదు.

"బాగా పోతుందమ్మాయ్," అంది.

సోమవారం లైబ్రరీ కంప్యూటరులో ఇంకో ఖాతా తెరిచింది. దానికి చినుకు అని పేరు పెట్టింది. కిటికీ అద్దం మీద వాన చుక్కల ఫొటో ఒకటి ఎక్కడినుంచో తెచ్చి అతికించింది. పాఠకురాలిలా కనబడాలంటే అలమర నిండుగా ఉండాలి కదా. హాల్లో కనబడిన రెండువందల పుస్తకాలు చదివేసినట్టు పేర్చింది. వాళ్ళదీ వీళ్ళదీ నాలుగేసి వాక్యాలు ఎత్తి, అటుదిటూ ఇటుదటూ మార్చి అభిప్రాయాలు రాసింది. తర్వాత మూలగది రాసిన ఓ అభిప్రాయం కింద నెమ్మదిగా ఒక మాట పెట్టింది. మీరు రాసింది చదివాక నా వంటింట్లో నిలబడి చాలాసేపు ఆలోచించానండీ అని. గంటలో జవాబొచ్చింది.

ఎత్తిరాతలతో ఎంతో దూరం సాగలేదు. చిన్నకోడలు నిజమైన పాఠకురాలు. ఫలానా అధ్యాయంలో ఆ తల్లి ఎందుకలా చేసిందంటారు చినుకు గారూ అని సూటిగా అడిగేది. దాంతో ఆమెకి చదవక తప్పింది కాదు. చరిత్ర అలమర వెనక స్టూలు వేసుకుని, మొదట పళ్ళబిగువున చదివింది. పది పేజీలకి తల నొప్పి పుట్టేది. నెల గడిచేసరికి మధ్యాహ్నం టిఫిను తినడం మర్చిపోయి చదవసాగింది. పుస్తకం మనిషిని మారుస్తుందని హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అబద్ధమేమీ కాదు. మనుషులు ఏది ఎక్కడ దాచుకుంటారో, ఎలాంటి ప్రశ్న అడిగితే తలుపు తెరుస్తారో, ఎంతసేపు ఊరుకుంటే తమంతట తామే చెప్పేస్తారో ఆమె ఆ స్టూలు మీదే నేర్చుకుంది.

ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొదలయ్యాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర పక్కపక్కన నిలబడి ఉప్పు, నీళ్ళు తప్ప మాట్లాడుకోని వాళ్ళు, తెర మీద మనుషుల గురించి, చావు గురించి, పిల్లలు లేకపోవడం గురించి రాసుకున్నారు. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు ఆమె పగ సంగతే మర్చిపోయింది. లైబ్రరీ తాళం తీస్తూనే కంప్యూటరు పెట్టి, ఉత్తరం వచ్చిందా అని చూసుకునేది. రాకపోతే రోజంతా చిరాకు. ఒకసారి ఒక కథ గురించి ఆమె రాసిన నాలుగు వాక్యాలకి చిన్నకోడలు, ఇంత బాగా నాకెవరూ విప్పి చెప్పలేదండీ అని జవాబిచ్చింది. దాన్ని ఆమె కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది.

చదవడం అలవాటయ్యాక పుస్తకం ఇంటికీ తెచ్చుకోసాగింది. ఒక ఆదివారం పెరటి మెట్ల మీద కూర్చుని చదువుకుంది. సోమవారం మూలగది కొత్త అభిప్రాయం పెట్టింది. "మీకో వార్త. మా బాగాపోతుందక్క పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నారు. తలకిందులుగా పట్టుకోలేదు కదా అని తొంగి చూశాను. లేదు, సరిగానే పట్టుకున్నారు. పేజీలు మాత్రం చాలాసేపటికి గానీ తిరగలేదు. లోపల ఫోనేమైనా దాచుకున్నారేమో."

ఐదువందలమంది నవ్వారు.

ఆమె ఆ పేజీ చాలాసేపు చూసింది. పేజీ తిరగకపోవడానికి కారణం ఆమెకే తెలుసు. అందులో చనిపోయిన పిల్లకి తల్లి స్నానం చేయిస్తుంది. అక్కడ ఆమె కళ్ళు ముందుకి సాగలేదు. పర్సులోంచి ఆ కాగితం తీసి చింపి బుట్టలో పడేసింది. తర్వాత చినుకు పేరుతో ఆ అభిప్రాయం కింద ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఆపైన తోడికోడలికి ఉత్తరం రాసింది. మీ ఇంట్లో అందరి గురించీ రాస్తారు, మీవారి గురించి ఎప్పుడూ రాయరేమండీ, ఆయన చదువుతారా అని.

రెండు రోజులు జవాబు లేదు. ఆమె తొందరపెట్టలేదు. మూడో రోజు పెద్ద ఉత్తరం వచ్చింది. ఇది మీరొక్కరే తెలుసుకోవాలి చినుకు గారూ, ఎవరికీ చెప్పకండి అని మొదలుపెట్టింది చిన్నకోడలు. అతనికి చదవడం రాదు. మొద్దు కాదు, మహా చురుకు. కానీ అక్షరాలు అతని కళ్ళ ముందు నిలబడవు, అటూ ఇటూ జరిగిపోతాయి. చిన్నప్పటినుంచీ అంతే. ఎవరైనా కాగితం ఇస్తే కళ్ళద్దాలు షెడ్డులో మర్చిపోయానంటాడు. ఆ అద్దాలు ఉత్త గాజు ముక్కలు, సాకు కోసం కొన్నవి. ఇంట్లో తనకి తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే షెడ్డు తెరిచి మొదటి మోటారు విప్పే ముందు, అరగంట తాను అతనికి చదివి వినిపిస్తుంది. నగరంలో పుస్తకాలు వేసే సంస్థవాళ్ళు తన అభిప్రాయాలు చూసి ఉద్యోగానికి పిలిచారు. రానన్నది. తాను వెళితే అతనికెవరు చదువుతారు?

ఆ ఉత్తరానికి చినుకు, మీలాంటి భార్య దొరకడం ఆయన అదృష్టం అని జవాబు రాసింది.

తర్వాత పనులు ఆమె చకచకా చేసింది. ఇంటివాళ్ళు కనబడే అభిప్రాయాలన్నీ ఏరి, లైబ్రరీ ప్రింటరు మీద పదకొండు కాగితాలు తీసింది. శనివారం కౌంటరు ఫ్యాను పాడైందని దాన్ని మోసుకుని మరిది షెడ్డుకి వెళ్ళింది. అతను వెనక్కి వెళ్ళి ఫ్యాను విప్పుతుంటే సొరుగు లాగి కళ్ళద్దాల పెట్టె సంచిలో వేసుకుంది. అతను ఫ్యాను బాగుచేసి, తుడిచి, తానే మోసుకొచ్చి లైబ్రరీలో పెట్టి వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర కూర్చున్నారు. వారంలో ఐదుగురూ ఒకచోట తినేది ఆ ఒక్కపూటే. తినడం అవుతుండగా ఆమె చెయ్యి కడుక్కొచ్చి, కాగితాలు తీసి మరిది ముందు పెట్టింది. మన చిన్నకోడలు ఇంతకాలం మనకి చెప్పలేదు గానీ పెద్ద రచయిత్రి అయిపోయిందని, పదకొండు వందలమంది చదువుతున్నారని, మన అందరి గురించీ రాసిందని చెప్పింది. గొంతులో ఎంతో ముచ్చట. మొగుడివి నువ్వే పైకి చదివి వినిపించాలి అంది.

చిన్నకోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మరిది కాగితాలకేసి చూసి, చెయ్యి తుడుచుకుని, మామూలుగా నవ్వాడు. "కళ్ళద్దాలు షెడ్డులో మర్చిపోయానొదినా."

"తెచ్చానుగా," అంటూ ఆమె పెట్టె తెరిచి అతని చేతికిచ్చింది. "నిన్న ఫ్యాను కోసం వచ్చినప్పుడు బల్ల మీద కనబడ్డాయి."

అతను అద్దాలు పెట్టుకున్నాడు. కాడకి కొట్టువాళ్ళు అంటించిన అట్టముక్క ఇంకా అలాగే ఉంది, చెంప మీద వేలాడింది. చిన్నకోడలు చెయ్యి చాపి, ఇలా ఇవ్వండి నేను చదువుతానంది. పెద్దకోడలు ఆ చేతికి అడ్డుపడింది. "రాసినవాళ్ళే చదువుకుంటే ఏం బాగుంటుందమ్మాయ్? మీ ఆయన్ని చదవనీ."

అతను ఇవ్వలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఈ ఒక్కసారైనా అక్షరాలు నిలబడతాయని ఆశపడ్డాడేమో. మసి పట్టిన వేలు మొదటి వరస కింద పెట్టి, పెదవులు తడుపుకున్నాడు. "మా," అన్నాడు. కాసేపాగి, "మా ఇ... ఇం," అన్నాడు. వేలు వెనక్కి జరిగి మళ్ళీ మొదటికొచ్చింది. "మా ఇంల్టో." నుదుటి మీద చెమట పట్టింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఎక్కాలు రాని పిల్లవాడి గొంతులా ఉంది ఆ గొంతు. అత్తగారు కంచం లోపలికి చూస్తూ కూర్చుంది. నాలుగు మాటలు దాటడానికి అతనికి ఎంతసేపు పట్టిందంటే, అన్నం మెతుకులు అందరి వేళ్ళకీ ఎండిపోయాయి. ఆమె మాత్రం మధ్యమధ్యలో, ఊఁ, తర్వాత, అంటూ ఉంది.

"చాలు," అన్నాడు ఆమె భర్త.

మరిది కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, అద్దాలు తీసి కంచం పక్కన పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. చిన్నకోడలు అతని వెనకే వెళ్ళింది. అత్తగారు కంచాలు ఎత్తసాగింది. ఎప్పుడూ అది కోడళ్ళ పని. ఆమె అడ్డుపడబోతే అత్తగారు మోచేత్తో పక్కకి నెట్టి, మాట్లాడకుండా తీసుకుపోయింది.

ఆమె భర్త కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. గోడకేసి చూస్తూ మాట్లాడాడు. ఆమెతో ఒక్క విడతలో అన్ని మాటలు అతను ఎప్పుడూ అనలేదు.

"వాడికి చదవడం రాదని నాకు తెలుసు. అమ్మకి తెలుసు. పోయిన నాన్నకీ తెలుసు. బళ్ళో వాడి పలక నేనే రాసిపెట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో వాడి చేతికి కాగితం ఇచ్చినవాళ్ళు లేరు. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వు పక్కింట్లో చెబుతావు."

అందరికీ తెలిసిన గుట్టు. తోడికోడలు తనకొక్కదానికే తెలుసనుకుంది, ఆ అమాయకత్వం వేరు. పంతొమ్మిదేళ్ళు అదే ఇంట్లో అన్నం వండి పెట్టిన తనకి మాత్రం తెలియనివ్వలేదు. బయటివాళ్ళు ఇచ్చిన కాగితం పట్టుకుని మరిది తడుముకున్నప్పుడల్లా అత్తగారు ఏదో పని పురమాయించడం, భర్త దగ్గి ఆ కాగితం తాను అందుకోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఆమె చూసింది, కానీ ఏనాడూ పట్టించుకోలేదు.

పెద్ద గొడవేమీ జరగలేదు. మరిది భార్య మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. మూడు రోజులు షెడ్డులోనే తిన్నాడు. నాలుగో రోజు వచ్చి, ఉద్యోగానికి పిలిచారన్నావుగా, వెళ్ళు అన్నాడు. తన గుట్టు ఎవరితో అన్నావని చిన్నకోడలిని అడిగాడట, ఆమె చినుకు సంగతి దాచకుండా చెప్పిందట. ఎవరో కూడా తెలియని మనిషితో అన్నావా అని మాత్రం అని ఊరుకున్నాడని అత్తగారు పెరట్లో తనలో తాను గొణుక్కుంటుంటే పెద్దకోడలి చెవిన పడింది. చిన్నకోడలు ఏడ్చింది, బతిమాలింది. పొద్దున్నే పుస్తకం పట్టుకుని షెడ్డుకి వెళితే అతను మోటారు స్విచ్చి వేసి పెట్టాడు, ఆ చప్పుడులో ఏమీ వినబడకుండా. వారం చూసి ఆమె ఒక పెట్టె సర్దుకుంది. వెళ్ళేటప్పుడు అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని లేచింది. పెద్దకోడలి వైపు చూడలేదు.

మర్నాడు లైబ్రరీలో కంప్యూటరు పెట్టగానే చినుకు పేర ఒక ఉత్తరం ఉంది. ఎప్పటిలా గారూ అని లేదు.

"అక్కా, కళ్ళద్దాల సంగతి నేను చినుకుకి తప్ప ఎవరికీ రాయలేదు."

అంతే ఉంది. ఆమె జవాబు రాయబోయింది. ఏం రాయాలో తోచక మూలగది పేజీ తెరిచింది. అలాంటి పేజీ ఏదీ లేదని తెర మీద వచ్చింది. అరవైకి పైగా అభిప్రాయాలు, బాగాపోతుందక్క, నవ్వులు, పాపాలు, అన్నీ పోయాయి. ఆనాటి నుంచి ఇంట్లో ఆమె భర్త మూడు మాటలూ మానేశాడు. మంచినీళ్ళు తానే తెచ్చుకుంటాడు, లైటు తానే వేసుకుంటాడు. పక్కింటికి వెళ్ళి కూర్చున్నా ఆమెకి ఇదివరకులా కథలు రావడం లేదు. మూడు నెలల గడువుకి లైబ్రరీ పేజీలో రెండువందల పదిమంది చేరారు. పెద్ద లైబ్రేరియన్ ఆమె కృషిని మెచ్చుకుంటూ పై ఆఫీసుకి రాశాడు.

చదవడం మాత్రం ఆగలేదు. స్టూలు మీద కూర్చుని రోజూ చదువుతూనే ఉంది. చదివినదాని గురించి చెప్పుకోవడానికే ఎవరూ లేరు.

ఒక మంగళవారం పదకొండింటప్పుడు మరిది లైబ్రరీకి వచ్చాడు. అతను ఆ హాల్లో అడుగుపెట్టింది ఫ్యాను మోసుకొచ్చిన రోజు తర్వాత అదే. చంకలో నాలుగు పుస్తకాలు, చేతిలో చిన్నకోడలి సభ్యత్వం కార్డు. కౌంటరు ముందు ముగ్గురున్నారు. అతను వరసలో నిలబడి, తన వంతు వచ్చాక పుస్తకాలు బల్ల మీద పెట్టి, కార్డు రద్దు చెయ్యమన్నాడు. దానికి ఒక ఫారం నింపాలి. ఫారం అతని వైపు తోయబోయి, ఆగి, తానే నింపింది. సంతకం చోటు చూపించింది. అతను కలం గట్టిగా పట్టుకుని బొమ్మ గీసినట్టు గీశాడు.

అయినా వెళ్ళలేదు. చొక్కా జేబులోంచి ఎనిమిది మడతలు పెట్టిన కాగితాలు తీశాడు. మడతల దగ్గర నూనె మరకలున్నాయి. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో.

"మీరే తెచ్చారు కదొదినా ఇవి. మీరే చదివి చెప్పండి," అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. "అమ్మకి కళ్ళు ఆనవు. అన్నయ్యని అడగలేను. ఇందులో నా గురించి ఎక్కడైనా రాసిందా?"

ఆమె కాగితాలు తీసుకుంది. వెనక ఇంకో ఇద్దరు వచ్చి వరసలో చేరారు. ఆమె ఒక్కొక్క కాగితం తిప్పింది. ఎక్కడుందో ఆమెకి తెలుసు. పదో కాగితం అడుగున ఉంది. ఓడలు కట్టేవాళ్ళ పుస్తకం మీద, చినుకుకి ఆ పెద్ద ఉత్తరం రాశాక, చిన్నకోడలు రాసిన ఆరు వరసలు. అప్పట్లో హడావిడిగా మిగతావాటితో కలిపి ప్రింటు తీసేసింది.

"ఈ పుస్తకం నేను చదవలేదు, ఒకరికి వినిపించాను. ఓడ అడుగున మొదటి చెక్క బిగించే చోట ఆయన చేతిలో స్పానరు ఆగిపోయింది. మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివాను. మూడోసారి ఆ చెక్క చప్పుడు నాకూ వినబడింది. పుస్తకాలు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వినడం అంటే ఏమిటో ఈయన దగ్గరే నేర్చుకున్నాను."

చదివి వినిపించాలనే అనుకుంది. నోరు తెరిచింది కూడా. అతను కౌంటరు అంచు మీద రెండు చేతులూ ఆనించి, తల కాస్త పక్కకి వంచి, మోటారు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆ వంచిన తల చూసేసరికి ఆమె పదో కాగితాన్ని మళ్ళీ మిగతావాటి అడుగుకి తోసింది. ఒక మనిషి మాట కోసం ఇంకో మనిషి ఇలా చెవి ఒగ్గి నిలబడడం ఆమె జన్మలో ఎరగదు. ఆమె కోసం ఎవరూ అలా నిలబడలేదు.

"నీ గురించి ఏమీ లేదు చిన్నబ్బాయ్," అంది.

"ఒక్క ముక్క కూడానా?"

"లేదు. అంతా నా గురించే."

అతను తల ఊపాడు. సరే, మీరే ఉంచుకోండి, నాకెందుకు అని, వెనక నిలబడ్డవాళ్ళకి దారి ఇచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాల్ని లైబ్రరీలో పారేయరు. ఆమె ఆ పదకొండింటినీ స్కేలు బద్దతో ఒత్తి, నాలుగేసి ముక్కలుగా చింపి, సభ్యులు పుస్తకం నంబరు రాసుకునే చీటీల పెట్టెలో వేసింది. తర్వాత నిలబడి ఉన్నావిడ పుస్తకం ముందుకి జరిపింది. ఆమె ముద్ర మీద తేదీ సరిచూసుకుని, సిరాలో అద్ది, వేసింది.